పాత జావా గారి సీనియారిటీ

పుండరీకాక్షం గారు దేవుణ్ణి నమ్ముతారో లేదో ఎవరికీ రూఢిగా తెలీదు గానీ, సీనియారిటీని నమ్ముతారని గిడ్డంగుల తనిఖీ శాఖలో అందరికీ తెలుసు. గుంటూరు డైరెక్టరేటులో ఆయన ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటు. ఎవరు ఎవరికన్నా ముందు ఉద్యోగంలో చేరారో ఆయనకు నోటికి వచ్చు. ఒకే తేదీన చేరిన ఇద్దరు గుమాస్తాల మధ్య తగువొస్తే, ఒకడు పొద్దున్నే సంతకం పెట్టాడనీ, రెండోవాడు భోజనం చేసొచ్చి పెట్టాడనీ సాక్ష్యాలతో సహా తేల్చి, భోజనం చేసినవాణ్ణి జన్మకి జూనియర్ని చేసిన ఘనత ఆయనది. పెళ్ళిళ్ళలో తనకన్నా సీనియర్ ఎవరైనా చేతులు కడుక్కుని రావడం ఆలస్యమైతే, ఈయన అరిటాకు ముందు కూర్చుని కూడా అన్నం ముట్టుకునేవారు కాదు.

ఇంతటి మనిషికీ ఒక దిగులుంది. ఆయన భార్య మాణిక్యాంబ గారు రాజమండ్రిలో మునిసిపల్ హైస్కూలు లెక్కల టీచరు. ఈయనకేమో గుంటూరులో మేడమీద గది, మెస్సు భోజనం. శనివారం సాయంత్రం రైలెక్కడం, ఆదివారం సాయంత్రం మొహం వేలాడేసుకుని తిరిగి రావడం. మెస్సులో సాంబారుకీ రసానికీ తేడా కనిపెట్టే ప్రయత్నం ఆయన ఎప్పుడో మానుకున్నారు. పిల్లలు స్థిరపడ్డారు, రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది, ఈ చివరి నాలుగు రోజులైనా ఇంట్లో తిని ఆఫీసుకి వెళ్ళాలని ఆయన కోరిక. రాజమండ్రి ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. ఆ వేసవిలోనే ప్రభుత్వం బదిలీల మీద నిషేధం ఎత్తేసింది. గడువు నెలాఖరు వరకే. ఆ తరవాత నిషేధం మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, ఇంకెప్పుడు లేస్తుందో చెప్పగలిగినవాడు లేడు.

ఈసారి బదిలీలు కంప్యూటరు చేస్తుందన్నారు. ఒక కంపెనీ చేత కొత్త ప్రోగ్రాం రాయించారు. భార్యాభర్తలు వేరువేరు ఊళ్ళలో ఉంటే వాళ్ళని ఒకచోటికి చేర్చాలన్న కొత్త నిబంధనని అది దానంతటదే చూసుకుంటుందట. ఆ మాట విన్నాక పుండరీకాక్షం గారు జీవితంలో మొదటిసారి కంప్యూటరు వంక ఆప్యాయంగా చూశారు. ఆయన సెక్షన్లోనే జూనియర్ అసిస్టెంటు కృపావతి కూడా అలాగే చూసింది. ఆమె భర్త శ్రీకాకుళంలో ఆర్టీసీ కండక్టరు. వాళ్ళ పాపకి నాన్నంటే ఫోన్లో వినపడే మనిషి.

ప్రోగ్రాం పెట్టడానికి కంపెనీ తరఫున షబానా అనే ఇంజనీరు వచ్చింది. చురుకైన పిల్ల. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ శాఖలో మూడు రకాల కంప్యూటర్లున్నాయి సార్. ఇక్కడ విండోస్, జిల్లా ఆఫీసుల్లో లినక్సు, డైరెక్టర్ గారి గదిలో మాక్. మా ప్రోగ్రాం నడవాలంటే ముందు జావా అని ఇంకోటి ఉండాలి. అది పెట్టేసి, ఎక్కడ పెట్టామో కంప్యూటరుకి చెప్పాలి. ఒక్కోదానికి ఒక్కోలా చెప్పాలి, అంతే తేడా."

టకటకా నాలుగు చోట్ల నొక్కి ఒక చిన్న పెట్టె తెరిచింది. "వీటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు సార్. కంప్యూటరు గుర్తుపెట్టుకోవలసిన సంగతులు ఇందులో రాస్తాం. ఇదుగో, ఇది జావా ఇల్లెక్కడో చెప్పేది. ఇదేమో దారులు చెప్పేది. మీరు ఏదైనా ప్రోగ్రాం పేరు చెప్తే, కంప్యూటరు ఈ ఫోల్డర్లన్నిట్లో వరసగా వెతుక్కుంటూ పోతుంది. ముందు ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది. వెనకాల ఇంకా మంచిది ఉన్నా అటు చూడదు."

వరస అన్న మాట చెవిన పడగానే పుండరీకాక్షం గారి వెన్ను నిటారయింది.

"ఈ వరస ఎవరు నిర్ణయించారమ్మా?"

"ఎవరూ లేదు సార్, మన ఇష్టం. మనదాన్ని పైకి జరిపేశాను, చూడండి."

"ఎందుకు జరిపావు?"

"పాత జావా ఒకటుంది సార్. ఎప్పుడో జీతాల బిల్లుల కోసం పెట్టినట్టున్నారు. అది ముందుంటే మా ప్రోగ్రాం నడవదు."

"అదెప్పుడు చేరింది?"

"ఏది సార్?"

"ఆ పాత జావా."

షబానా చూసి చెప్పింది. "రెండువేల తొమ్మిది సార్."

"మరి నీది?"

"ఇప్పుడే. మీరు టీ తాగుతుండగా."

"టీ తాగుతుండగా చేరినదాన్ని తీసుకెళ్ళి, రెండువేల తొమ్మిదిలో చేరినదాని నెత్తిన కూర్చోబెడతావా?"

వేళాకోళమనుకుని షబానా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ పిల్ల గబగబా ప్రోగ్రాం తెరిచి, "నడుస్తోంది సార్, మీరే చూడండి" అంది. నిజంగానే నడుస్తోంది. తెర మీద స్వాగతం పలుకుతూ రెండు గులాబీలు కూడా ఊగుతున్నాయి.

"నడవడం వేరు, చెల్లడం వేరు" అన్నారు పుండరీకాక్షం గారు. "తీసెయ్యి. ఎక్కడున్నదాన్ని అక్కడ పెట్టు."

షబానా నిట్టూర్చి మళ్ళీ నొక్కింది. "తీసేశాను. కానీ సార్, తెర మీద ముందే తెరిచి ఉన్న కిటికీలకి ఈ మార్పు తెలీదు. అవి మూసి మళ్ళీ తెరిస్తే, అప్పుడు కొత్త వరస వర్తిస్తుంది."

ఆ ముక్కతో పుండరీకాక్షం గారి మనసు కరిగిపోయింది. "అంటే వెనకటి తేదీ నుంచి వర్తించదన్నమాట! అచ్చం మన సర్వీసు రూల్సేనమ్మా!" అన్నారు. కంప్యూటరు కనిపెట్టినవాడెవడో కొన్నాళ్ళు ఏదో ఒక ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో పనిచేసే ఉంటాడని ఆయనకు ఆ క్షణంలో నమ్మకం కుదిరింది. ఇక ఆ నమ్మకం నుంచి ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

షబానా మరో ఉపాయం చెప్పింది. వరస జోలికే పోకుండా, కొత్త జావా పూర్తి చిరునామా రాసి నేరుగా పిలవచ్చునంది. పుండరీకాక్షం గారు చెవులు మూసుకున్నంత పని చేశారు. ప్రాపర్ ఛానెల్ తప్పించి నేరుగా పిలవడమా? ఈ శాఖలో డైరెక్టర్ గారు మంచినీళ్ళు అడగాలన్నా జాయింట్ డైరెక్టర్ గారి ద్వారా అడగాలి. పోనీ పాతదాన్ని తీసి పారేద్దామా అంది. ఏ నేరం చేసిందని? రిటైర్మెంటు వయసు వచ్చిందా? ఇంకా బోలెడంత సర్వీసుంది.

షబానా బయటికి వెళ్ళాక కృపావతి మెల్లగా వచ్చి నిలబడింది.

"సార్, నెలాఖరు దగ్గరపడుతోంది. కొత్తదాన్ని ముందుకి పెట్టడానికి ఏదో ఒక రూలు చూడండి సార్. మీరు చూస్తే దొరుకుద్ది."

"సీనియర్ని దాటించే రూలు లేదమ్మా."

"మీకూ రాజమండ్రి కావాలి గదా సార్?"

పుండరీకాక్షం గారికి ఒక్కసారి రాజమండ్రి ఇల్లు, వీధి వసారా, అందులో తన నవారు కుర్చీ కళ్ళముందు కదిలాయి.

"నాకు కావాలని రూలు మారదు" అన్నారు. అన్నాక కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఫైలు జాయింట్ డైరెక్టర్ భుజంగరావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇంట్లో కూర రుచి అడిగినా "సంతృప్తికరముగా ఉన్నట్లు గమనించడమైనది" అనే మనిషి. ఫైలు చదివి కళ్ళజోడు తీశారు.

"విషయము మిక్కిలి గంభీరమైనదిగా పరిగణించబడుచున్నది, పుండరీకాక్షం. కంప్యూటరు దారిపట్టీలోని ఫోల్డర్లకు ఇంతవరకు సీనియారిటీ జాబితాయే లేకపోవుట ఈ శాఖకు తలవంపు. తాత్కాలిక జాబితా ప్రకటించి, అభ్యంతరములను ఆహ్వానించవలెను."

"గడువు నెలాఖరు వరకే సార్."

"అందువలన అభ్యంతరములను త్వరితగతిన ఆహ్వానించవలెను."

నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. మొదటి స్థానం విండోస్ సొంత ఫోల్డరుకి దక్కింది, అది పుట్టుకతోనే ఉంది కాబట్టి దాని మీద ఎవరికీ పేచీ లేకపోయింది. తగువంతా కింద మొదలైంది. ప్రింటరు ఫోల్డరు మధ్యలో ఒకసారి పాడై మళ్ళీ పెట్టారు గనక, ఆ విరామ కాలాన్ని సర్వీసుగా లెక్కించరాదని జీతాల సెక్షన్ వాళ్ళు రాశారు. పాడవడం దాని తప్పు కాదు, విధి నిర్వహణలో దెబ్బతిన్నదని ప్రింటరు వాడే సెక్షన్ వాళ్ళు రాశారు. రెండు సెక్షన్ల వాళ్ళూ క్యాంటీనులో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. డైరెక్టర్ గారి మాక్‌ని కూడా జాబితాలో కలపాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అది ఆలిండియా సర్వీసు కిందికి వస్తుందనీ, రాష్ట్ర సీనియారిటీలో కలపరాదనీ భుజంగరావు గారు తేల్చేశారు. దాంతో ఆ గది తలుపు తట్టే బాధ తప్పినందుకు అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఈలోగా జిల్లాల సంగతి వచ్చిపడింది. లినక్సులో ఆ పెట్టె ఉండదనీ, ఈ దారుల ముక్క ఒక ఫైల్లో రాయాలనీ షబానా కాగితం మీద రాసిచ్చింది. "మామూలుగా చూస్తే ఆ ఫైలు కనపడదు సార్. పేరు ముందు చుక్క పెడితే కంప్యూటరు దాన్ని దాచిపెడుతుంది" అని పాపం నిజం చెప్పింది.

"దాచిన ఫైలా?" భుజంగరావు గారు కుర్చీలోంచి లేచారు. "ప్రభుత్వ కార్యాలయమున, ప్రజాధనముతో కొన్న యంత్రమున, దాచిన ఫైలా? ఇది ఎప్పటినుండి జరుగుచున్నది?"

"మొదట్నించీ అంతే సార్. ప్రపంచమంతా అంతే."

"ప్రపంచము మన అజమాయిషీలో లేదు. జిల్లాలు ఉన్నవి."

ఆ మధ్యాహ్నమే జిల్లాలకి సర్క్యులర్ వెళ్ళింది. కార్యాలయ యంత్రములలో దాచబడిన సమస్త ఫైళ్ళను తక్షణము వెలికితీసి, పేర్ల ముందున్న చుక్కలను తొలగించి, తొలగించినట్లు ధ్రువీకరించవలెను. జిల్లాలు ఎన్నడూ లేనంత చురుగ్గా కదిలాయి. చుక్కలన్నీ ఊడ్చేశారు. చుక్క పోయిన ఫైలుని కంప్యూటరు గుర్తుపట్టలేదు. దాంతో ఏ ప్రోగ్రాం ఎక్కడుందో జిల్లాల యంత్రాలన్నీ ఒక్కపెట్టున మరిచిపోయాయి. 'ఇప్పుడు మా యంత్రము ఏ ఆదేశమునకు బదులివ్వక ప్రశాంతముగా ఉన్నది' అని ఒక జిల్లా నుంచి నివేదిక వచ్చింది. భుజంగరావు గారు దాని మీద 'సంతోషం' అని రాశారు.

ఆ రోజు మాణిక్యాంబ గారు ఫోన్ చేశారు.

"వసారాలో మీ కుర్చీకి కొత్త నవారు వేయించానండీ. ఏమైంది మీ బదిలీ?"

"ఫైలు నడుస్తోంది."

"ఫైలు సంగతేమో గానీ నెల మాత్రం పరిగెడుతోంది. ఆ కంప్యూటరేదో ఎక్కడ ఆగింది?"

ఆయన మొత్తం చెప్పారు. ఆవిడ విని, "ఆ జావాకి ఇల్లెక్కడో కూడా రాసిపెడతారా అందులో?" అని అడిగారు.

"రాసిపెడతాం."

"అదృష్టవంతురాలు" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

తుది జాబితా వచ్చింది. కొత్త జావా ఎక్కడో అడుగున, పాత జావా గారు దానికి చాలా పైన. జాబితాలో స్థానం ఖాయమైన నాటి నుంచి పుండరీకాక్షం గారు పాత జావాని 'గారు' అనకుండా పిలవలేదు. షబానా జాబితాలో ఉన్న వరసని ఉన్నట్టే కంప్యూటర్లో దింపి, ప్రోగ్రాం మీద నొక్కింది. గులాబీలు రాలేదు. తెర మీద నాలుగు పంక్తుల ఇంగ్లీషు తప్ప ఇంకేమీ రాలేదు.

"ఏమంటున్నారు?" అన్నారు పుండరీకాక్షం గారు.

"ఈ ప్రోగ్రాం నా తరవాతి కాలంది, నాకు చేతకాదు అంటోంది సార్."

సీనియర్‌కి పని చేతకాకపోవడం ఈ శాఖలో కొత్త కాదు. దానికీ పద్ధతి ఉంది. చేతకాని సీనియర్ని పక్కన పెట్టాలంటే ముందు మెమో ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, విచారణ జరపాలి. 'మీకు అప్పగించిన విధిని నిరాకరించినందుకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను' అని పాత జావా గారి పేర మెమో తయారైంది. అందజేయడానికి ప్రయత్నించగా తీసుకొనలేదని రాసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో సి.పి.యు. మీద అంటించారు. సాక్షుల్లో ఒకరు కృపావతి. ఆమె సంతకం పెడుతున్నప్పుడు చేతి కింద కాగితం చిరిగింది.

సంజాయిషీ కోసం ఎదురుచూస్తుండగా షబానాకి ఒళ్ళు మండి మళ్ళీ ప్రోగ్రాం మీద నొక్కింది. అవే నాలుగు పంక్తులు. వాటిని పుండరీకాక్షం గారు ప్రింటు తీయించి, సంజాయిషీ అందిందని ముద్ర వేయించారు.

విచారణాధికారి భుజంగరావు గారే. కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు.

"సదరు ఉద్యోగి జాప్యము చేయక, తడుముకొనక, ప్రతి పర్యాయము ఒకే సమాధానము ఇచ్చుచున్నది. ఈ శాఖలో ఇంతటి నిలకడ నేను చూచి ఎరుగను. పని దాని హోదాకు తగినది కాదు. కావున సంజాయిషీ ఆమోదించడమైనది. హోదాకు తగిన పని ఇవ్వవలెను."

హోదాకు తగిన పని వెతికితే దొరికింది. రెండువేల తొమ్మిదిలో ఒకసారి బదిలీలు కంప్యూటరు మీద చేయబోయి మధ్యలో వదిలేశారు. ఆ పాత ప్రోగ్రాం అదే కంప్యూటర్లో పడి ఉంది. పాత జావా గారు దాన్ని ఇట్టే నడిపేశారు.

షబానా చేతులు జోడించినంత పని చేసింది. "వద్దు సార్. మీరు ఇప్పుడెక్కించిన వివరాలు అది చదవలేదు. దాని కడుపులో ఉన్నవి అప్పటి మనుషులు, అప్పటి ఊళ్ళు. భార్యాభర్తల సంగతి దానికసలు తెలీదు."

"వివరములు తాజాగా ఉండవలెనని ప్రభుత్వ ఉత్తర్వులలో ఎచ్చటనూ పేర్కొనబడలేదు" అన్నారు భుజంగరావు గారు. "జాబితా గడువులోగా వెలువడవలెనని మాత్రము పేర్కొనబడినది. ఏమంటారు పుండరీకాక్షం?"

షబానా చెప్పింది పుండరీకాక్షం గారికి పూర్తిగా అర్థమైంది. కాదంటే తను రాసిన ఫైలుని తనే కాదనాలి. పక్కనే కృపావతి నిలబడి ఆయన నోటివంకే చూస్తోంది. ఆయన ఫ్యాను వంక చూశారు.

"రూలు ప్రకారం అంతే సార్" అన్నారు. రాజమండ్రి ఖాళీ ఎలాగూ ఉంది గదా, ఆ పాత ప్రోగ్రాం మాత్రం తనని అక్కడికి కాక ఎక్కడికి వేస్తుందిలే అని మనసుకి సర్దిచెప్పుకున్నారు.

షబానా సంచి సర్దుకుంది. "మీ ఇష్టం సార్. పని అయిందని ఒక సంతకం పడెయ్యండి, నేను పోతా" అంది. పని కాలేదు గనక సంతకం పెట్టడం రూలుకి విరుద్ధమన్నారు పుండరీకాక్షం గారు. ఆ పిల్ల పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కూర్చుంది.

నెలాఖరున, గడువు ముగుస్తుందనగా జాబితా వచ్చింది. వచ్చినదాని మీద వచ్చినట్టే భుజంగరావు గారు సంతకం చేసేశారు. పుండరీకాక్షం గారు వేలు పెట్టి తన పేరు వెతుక్కున్నారు. దొరికింది.

'బి. పుండరీకాక్షం. రాజమండ్రి నుండి గుంటూరునకు. కారణం: ఒకే చోట దీర్ఘకాలము పనిచేసినందున.'

రెండువేల తొమ్మిదిలో ఆయన రాజమండ్రిలోనే ఉన్నారు. పాత జావా గారు ఆయన్ని అక్కణ్ణించి ఇంకా కదపలేదు. ఇన్నాళ్ళూ మెస్సులో సాంబారు తింటున్న మనిషి వేరే ఎవరో!

"మీరైనా ఉన్నారు సార్" అంది కృపావతి. "నేను అసలే లేను. నేను చేరింది ఆ తరవాత గదా." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకి ఎక్కువ బాధ కలిగించింది.

పుండరీకాక్షం గారు భుజంగరావు గారి గదిలోకి దాదాపు పరిగెత్తారు. "సార్, నేను గుంటూరులోనే ఉన్నాను. నన్ను గుంటూరుకే వేశారు!"

"జాబితా ప్రకారము మీరు రాజమండ్రిలో ఉన్నారు."

"మీ ఎదురుగా నిలబడి ఉన్నాను సార్!"

"నిలబడుట వేరు, ఉండుట వేరు" అన్నారు భుజంగరావు గారు. "రాజమండ్రిలో రిలీవ్ అయి, ఇచ్చట చేరవలెను. అంతవరకు ఇచ్చటి హాజరుపట్టీలో సంతకము చేయుట నేరమగును."

మర్నాడు పుండరీకాక్షం గారు రాజమండ్రి వెళ్ళారు. అక్కడి ఆఫీసుని ఒక సీనియర్ అసిస్టెంటు చూసుకుంటున్నాడు. ఉత్తర్వు చదివి తల గోక్కున్నాడు.

"అదెలా కుదురుద్దండీ? మా దగ్గర లేని మనిషిని మేం ఎలా రిలీవ్ చేస్తామండీ? ముందు మీరు ఇక్కడ చేరాలండి. చేరాలంటే చేరమని ఆర్డరు కావాలి. మీ ఆర్డరేమో వెళ్ళిపొమ్మంటంది. దీని మీద ఓ సారి మీరే మాకు క్లారిఫికేషన్ పంపారండి. ముందు చేరకుండా ఎవర్నీ రిలీవ్ చెయ్యొద్దని. బాగా రాశారండి అది."

గుంటూరులో చేరడానికి లేదు, రాజమండ్రిలో వదలడానికి లేదు. పుండరీకాక్షం గారు ఎండలో నడుచుకుంటూ ఇంటికి చేరారు. బడికి వేసవి సెలవులు గనక మాణిక్యాంబ గారు ఇంట్లోనే ఉన్నారు. మజ్జిగ ఇచ్చి, కథంతా విన్నారు.

"అయితే ఇప్పుడు మీరు ఎక్కడా లేరన్నమాట."

"రూలు ప్రకారం లేను."

"లేని మనిషికి వంకాయ కూర చెయ్యనా, బెండకాయా?"

"వంకాయ" అన్నారాయన నీరసంగా. కొత్త నవారు వేసిన కుర్చీలో కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది. పైగా కుర్చీ చాలా సుఖంగా ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. కృపావతి.

"సార్, ఇక్కడ గొడవైపోయింది. ఎప్పుడో చనిపోయిన స్టోర్‌కీపర్ని అనంతపురం వేశామంట. వాళ్ళావిడ ఆర్డరు పట్టుకుని డైరెక్టర్ గారి దగ్గరికే వచ్చి, ఆయన్ని ఎప్పుడు పంపమంటారని అడిగింది. ఆయన అగ్గిమీద గుగ్గిలం అయిపోతున్నారు. జాబితా రద్దు చేశారు. పైనుంచి ఈ ఒక్క సాయంత్రం దాకా గడువు తెచ్చారు. దాచిన ఫైళ్ళ మీది సర్క్యులర్ కూడా ఆయనే చింపేసి, జిల్లాల చేత చుక్కలు మళ్ళీ పెట్టించారు. షబానా గారు నా పక్కనే ఉన్నారు. కొత్త జావాని ముందుకి జరిపితే నిమిషంలో సరైన జాబితా వచ్చేస్తుందంట. కానీ జె.డి. గారు ఒప్పుకోవడం లేదు. సీనియర్ని దాటించడానికి రూలేదో మీరు చెప్పాలంట, మీ నోటిమాటైనా చాలంట."

పుండరీకాక్షం గారు తను కూర్చున్న కుర్చీ వంక చూసుకున్నారు. వంటింట్లోంచి వంకాయ వేగుతున్న వాసన వస్తోంది.

"రాసుకోమ్మా" అన్నారు. ఇక ఆ గొంతు ఎక్కడా తడబడలేదు. "పాత జావా గారి సీనియారిటీకి ఎటువంటి భంగమూ కలగకుండా, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, కొత్త జావాకి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తూ, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు, పూర్తిగా తాత్కాలిక ప్రాతిపదికన, దారిపట్టీలో ముందు ఉంచడమైనది."

"అయిపోయిందా సార్?"

"అయిపోయింది."

ఫోన్లో అవతల టకటకమని చప్పుడైంది. ఎవరో కిటికీ మూసి తెరవమంటున్నారు. కాసేపటికి షబానా గొంతు వినపడింది. "గులాబీలు వచ్చాయి సార్! మీకు రాజమండ్రి. కృపావతి గారికి శ్రీకాకుళం. ఇప్పుడైనా నాకు సంతకం పెడతారా?"

"పెడతానమ్మా, తప్పకుండా పెడతాను" అన్నారు పుండరీకాక్షం గారు. సంతోషంతో ఆయన కళ్ళు చెమర్చాయి.

కృపావతి ఫోన్ పెట్టెయ్యలేదు.

"సార్, ఆ రోజు నేను అడిగాను గదా, ఏదో ఒక రూలు చూడండని. లేదన్నారు."

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నారు.

"శాఖలో సగం మంది ఇన్‌ఛార్జీల మీదే నడుస్తున్నారు. మీరే రాసిచ్చారు వాళ్ళందరికీ. ఈ రూలు ఆ రోజు ఎక్కడుంది సార్?"

పుండరీకాక్షం గారికి సిగ్గేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరి ముందూ వెయ్యనంత సిగ్గు, తనకన్నా అంత జూనియర్ ముందు వేసింది.

"వరసలో చివరెక్కడో ఉందమ్మా" అన్నారు మెల్లగా. "నేను ముందు దొరికినదాని దగ్గరే ఆగిపోయాను."

కృపావతి ఫోన్ పెట్టేసింది.

మాణిక్యాంబ గారు పీట వేసి వడ్డించి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆయన కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. అన్నం మీద నెయ్యి పేరుకుపోతోంది.

"తినరేం? ఇక్కడ మీ సీనియర్లెవరూ లేరుగా."

"ఉన్నారు" అన్నారు పుండరీకాక్షం గారు, ఆవిడ వచ్చి కూర్చునేదాకా కంచం ముట్టుకోకుండా.